ఇంటిపేరు దగ్గరే ఆగిపోయిన ప్రోగ్రాం

ముందు కబురు చెప్పేస్తాను, ఆగలేను. పాసయ్యాను! మా ఇంట్లో డిగ్రీ పట్టా చేతికందిన మొదటి మనిషిని నేనే.

మూడేళ్లలో అన్ని పేపర్లూ గట్టెక్కినా సి ప్రోగ్రామింగ్ ల్యాబ్ ఒక్కటి మిగిలిపోయింది. అది పాసైతేనే పట్టా. పోనీ అదేమన్నా పెద్ద ప్రోగ్రామా? పేరు అడగాలి, ఊరు అడగాలి, రెండూ తెర మీద చూపించాలి. అంతే! తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

బోధన్‌లో మా కాలేజీ ల్యాబ్‌లో దాన్ని ఎన్నిసార్లు నడిపానో లెక్కలేదు. ప్రింట్‌ఎఫ్‌తో "నీ పేరు?" అని అడిగించేదాన్ని, స్కాన్‌ఎఫ్‌తో జవాబు తీసుకునేదాన్ని. ప్రతిసారీ ఇంట్లో పిలిచే పేరొక్కటే కొట్టేదాన్ని. పేరు, మా ఊరు ఎడపల్లి చక్కగా వచ్చేవి. పరీక్ష రోజు బయటి కాలేజీ నుంచి వచ్చిన సారు నా కుర్చీ వెనక నిలబడ్డాడు.

"హాజరు పట్టీల ఎట్లుంటది? అట్ల కొట్టమ్మా."

ఇంటిపేరు కొట్టి, కొంచెం ఖాళీ వదిలి, పేరు కొట్టి ఎంటర్ నొక్కాను. ఊరేదని అడిగింది గానీ జవాబు కోసం ఆగనే లేదు. పేరు దగ్గర మా ఇంటిపేరు, ఊరు దగ్గర నా పేరు వచ్చి కూర్చున్నాయి.

"గీ ఊరు ఏ మండలంల ఉన్నదమ్మా?" అన్నాడు సారు, నవ్వకుండా. పక్క సిస్టమ్‌ల వాళ్లు మాత్రం పడీపడీ నవ్వారు. నేను ఫెయిల్.

సప్లిమెంటరీ పరీక్షకు ఇంట్లోనే ఫోన్‌లో నేర్చుకోవడం మొదలుపెట్టాను. అమ్మను మేం అవ్వ అంటాం, నాన్నను బాపు. అవ్వ బీడీలు చుడుతుంటే పక్కన కూర్చుని ఆమె పూర్తి పేరు కొట్టాను. అదే తంతు.

"ఏమంటున్నదే అది?"

"నీ పేరు మన ఇంటిపేరట. నీ అసలు పేరేమో ఊరట."

అప్పుడే పొలం నుంచి వచ్చిన బాపు కాళ్లు కడుక్కుంటూ, "నాది కొట్టు బిడ్డా" అన్నాడు. కొట్టాను. మళ్లీ అదే ఇంటిపేరు.

"అంటే అందరం ఒక్కటేనా? మూడేండ్లు బస్సుల తిరిగి గిదేనా సదివింది? కన్నోళ్ల పేర్లు సుత రాయనియ్యదా నీ మిషిను?"

ఏడుపొక్కటే తక్కువ నాకు. ఫోన్ మంచం మీద విసిరేశాను. అవ్వ మాత్రం ఆకు చుట్టడం ఆపకుండానే అంది: "ఇంటిపేరు సెప్పి జెర దమ్ము తీసుకుంటం గదనే. గా దమ్ము కాడ్నే ఉరుకుతున్నది అది. మొత్తం సెప్పేదాక ఆగుమను."

నేను వదిలిన ఖాళీయే ఆ దమ్ము, ఆ ఊపిరి! నేను రాసిన స్కాన్‌ఎఫ్ ఖాళీ తగలగానే మాట అయిపోయిందనుకుంటుంది. మిగిలిన ముక్క ఎక్కడికీ పోదు. వరసలో నిలబడి, తర్వాతి ప్రశ్నకు జవాబై దూరుతుంది. ఈ సంగతి పుస్తకంలో ఉంది, నేను చదివాను, కింద గీత కూడా గీసుకున్నాను! అయినా ఎక్కలేదు. ఎంటర్ నొక్కేదాకా రాసిందంతా తీసుకునే ఎఫ్‌గెట్స్ పెట్టాను. బాపు పేరు మొత్తం వచ్చింది.

అంతటితో ఊరుకుందా? పరీక్షలో హాల్‌టికెట్ నంబర్ కూడా అడిగించమంటారేమోనని పేరుకు ముందు అది చేర్చాను. నంబర్ కొట్టి ఎంటర్ నొక్కగానే పేరును దాటేసి ఊరి దగ్గర నిలబడింది.

"అవ్వా, ఇప్పుడు నాకు పేరే లేదు!"

"నంబర్ రాసినంక ఏం నొక్కినవ్?"

"ఎంటర్."

"మరి అది యాడికి పోయింది? సాట దులపకుంట కొత్త తంబాకు పోస్తే పాత చెత్త కలవదా?"

ఆ ఎంటరే లోపల ఉండిపోయింది, ఎఫ్‌గెట్స్ దాన్నే నా పేరనుకుంది. మధ్యలో దాన్ని మింగేయడానికి ఒక గెట్‌చార్ రాశాను. చాట దులిపినట్టయింది.

పరీక్షకు మళ్లీ ఆ సారే వచ్చాడు. ఈసారి నన్ను లేవమని తనే కూర్చుని నా హాల్‌టికెట్ నంబర్, తన పేరు కొట్టాడు. ఒకటి కాదు, రెండు కాదు, నాలుగు ముక్కల పేరు! ఊరు దగ్గర ప్రోగ్రాం బుద్ధిగా ఆగింది. బాల్కొండ అని కొట్టాడు. నాలుగు ముక్కలూ వచ్చాయి, కింద బాల్కొండ వచ్చింది.

"ఈసారి ఊరు మ్యాప్‌ల ఉన్నది" అన్నాడు.

నిన్న పట్టా తెచ్చాను. అవ్వకు చదవడం రాదు. చాట పక్కన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని అడిగిన మొదటి మాట ఇది: "ఇంటిపేరు కాడ్నే ఆగలే గద?"

"లేదవ్వా, మొత్తమొచ్చింది" అని ఆమె వేలు పట్టుకుని నా పేరు చివరిదాకా జరిపాను.

"ఏదీ, మల్లొక్కపారి సదువు" అన్నాడు బాపు.

చదివాను. మధ్యలో దమ్ము తీసుకోకుండా.