సిత్తూరు అనడానికి పట్టిన సమయం

మధ్యాహ్నం కునుకు పట్టే వేళ ఇప్పటికీ నాకు గులాబీ రంగు మైనం కరిగిన వాసన వస్తుంది. వెంటనే మదనపల్లెలో నా పళ్ల ఆసుపత్రి, కిటికీలో పల్చటి ఎండ, కుర్చీలో నోరు తెరిచి కూర్చున్న కండక్టరు కళ్ల ముందు తేలతారు. అవి తొంభైల చివరి రోజులు. బెజవాడ వైపు నుంచి కొత్తగా వచ్చాను. కట్టుడు పళ్ల చదువుతో పాటు పొగరు కూడా వెంట తెచ్చుకున్నాను.

అతనిది కుప్పం. ప్రైవేటు బస్సు సడన్ బ్రేకు వేస్తే కడ్డీకి కొట్టుకుని పైవరస ముందు పళ్లు పోయాయి. ఖర్చు ప్రమాద బీమా వాళ్లిస్తారు. కానీ ఊళ్ల పేర్లు స్పష్టంగా పిలవగలిగితేనే అతనికి మళ్లీ పని.

మైనంలో పళ్లు అమర్చి నోట్లో పెట్టి, "చిత్తూరు అనండి" అన్నాను.

"సిత్తూరు."

పళ్లు సరిగ్గా కూర్చోలేదనుకుని వెంట్రుకవాసి జరిపాను. వారం తర్వాత మళ్లీ "సిత్తూరు." మళ్లీ జరిపాను. పాపం, పుంగనూరు మీదుగా వస్తూ పోతూనే ఉన్నాడు.

"ఇంకెన్ని దినాలమ్మా? ఓనరు వేరే మనిషిని సూసుకుంటానంటా ఉండాడు" అన్నాడు ఐదోసారి. ఆ రోజు వాళ్లమ్మ కూడా వచ్చింది. నా తిప్పలు విని పకపకా నవ్వింది. ఒక్క పన్నూ ఊడని నోరు.

"నా పండ్లన్నీ బాగుండాయి కదమ్మా. నేనూ సిత్తూరే అంటాను. యాల, తప్పా?"

సిగ్గుతో చచ్చిపోయాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, వినడం రాక పళ్లను తప్పుపట్టాను. మొదటి రోజు కూర్పే సరైనది. రెండు రోజుల్లో పళ్లు పూర్తిచేసి ఇచ్చాను.

బీమా ఫారంలో 'ఎక్కువ సమయం పట్టడానికి కారణం' అని ఒక గడి ఉంది. క్లిష్టమైన కేసని రాస్తే ఐదుసార్లకూ ఫీజు వస్తుంది. పళ్లు కట్టడానికి ఎంత ఓపిక కావాలో మీకు తెలియదని బీమా వాళ్లతో ఎప్పుడూ పోట్లాడేదాన్నే. పనికి పట్టిన సమయానికి ఫీజు అడగడం న్యాయం. నా చెవుడుకు పట్టిన సమయానికి ఎలా అడగను? 'డాక్టరుకు ఈ ఊరి మాట తెలియదు' అని రాసి, ఒక్కసారికే ఫీజు వేశాను.

అతను పోగొట్టుకున్న వారాలకు మాత్రం ఆ ఫారంలో గడి లేదు. పని మిగిలిందో లేదో అడిగే ధైర్యం నాకు రాలేదు.

కొన్నేళ్లకు, మంచు కురిసే పొద్దున పుంగనూరు బస్టాండులో కునికిపాట్లు పడుతుంటే "సిత్తూరు, సిత్తూరు!" అని కేక వినిపించింది. ఎక్కడా గాలి పోని కేక. పరుగున వెళ్లి ఎక్కాను. అతనే. నా పళ్లతోనే నవ్వాడు.

"యాడికమ్మా?"

"సిత్తూరు" అన్నాను.