జోరీగలు మోసిన జ్వరం

ఆ వీధి ఆవులన్నిటినీ కాలువ గట్టుకు తోలుకెళ్లి మేపుకొచ్చేది పిన్ని. ఆమె ఎవరికీ సొంత పిన్ని కాదు. కాపురానికొచ్చిన కొత్తలో పక్కింటి పిల్ల అలా పిలిచింది; ఆ తర్వాత ముసలివాళ్లకూ ఆమె పిన్నే అయింది. ఏ ఆవు గేటు తోసుకుపోతుందో, ఏది ఆరేసిన చీరలు నములుతుందో ఆమెకు కొట్టినపిండి.

ఆ వానాకాలం టైలరమ్మ ఆవు మేత ముట్టడం మానేసింది. ఒళ్లు కాలిపోతోంది. కింది రెప్ప లాగి చూస్తే ఎర్రగా ఉండాల్సిన చోట సున్నం కొట్టినట్టుంది.

"గట్టు మీద ఏ పిచ్చిమొక్కో తినుంటుంది. నువ్వు చూసుకోవద్దా పిన్నీ?" అంది టైలరమ్మ. గట్టిగా కూడా అనలేదు. అయినా ఆ మాట పిన్నికి ముల్లులా దిగింది. ఇంటికెళ్లాక, ఇక ఎవరి ఆవులనూ తోలనని భర్తతో చెప్పేసింది. ముందు డాక్టరును రానివ్వమన్నాడాయన.

పశువుల డాక్టరమ్మ వచ్చి ఆవు చెవి నుంచి నెత్తురు తీసుకెళ్లి, మైక్రోస్కోపులో చూసి సాయంత్రానికి తిరిగొచ్చింది. మొక్కల తప్పేమీ లేదంది, నెత్తురులో సూక్ష్మక్రిమి చేరిందట. గట్టు మీద జోరీగలు ఎక్కువా అని అడిగితే, పిన్ని తన మోచేతి మీది దద్దుర్లు చూపించింది. జోరీగ ఒక పశువును కుడుతూ, తోక దెబ్బకు మధ్యలోనే లేచి, ఆ నెత్తుటి మూతితోనే పక్కదాని మీద వాలుతుందని డాక్టరమ్మ వివరించింది.

"అంటే ఒకరికి పొడిచిన సూదే ఇంకొకరికి పొడిచినట్టు," అంది టైలరమ్మ.

పిన్ని గుండెల మీది బరువు దిగింది. వెంటనే మళ్లీ ఎక్కింది. నిరుడు ఇలాగే జ్వరపడి లేచింది తన సొంత ఆవే.

"మరి నా ఆవు నుంచే వచ్చిందా డాక్టరుగారూ?"

వచ్చి ఉండొచ్చంది డాక్టరమ్మ. కోలుకున్నాక కూడా క్రిమి ఒంట్లో దాక్కుంటుందనీ, పైకి చూసి ఎవరూ కనిపెట్టలేరనీ చెప్పింది. ఆ ఆవుకూ పరీక్ష చేసి మందు ఇస్తానంది. ఈగలు ముసిరే వేళ పశువులను కొట్టంలోనే ఉంచి, అవి వాలకుండా మందు పూయమంది.

టైలరమ్మ పిన్ని చెయ్యి పట్టుకుంది.

"ఈగకు కాపలా కాయడం ఎవరి తరం పిన్నీ? నోరు జారాను. నువ్వు మానేస్తే వీటిని ఎవరు చూస్తారు?"

ఇంజక్షన్లు పడ్డాక మెల్లగా జ్వరం తగ్గింది. ఒక పొద్దున ఆవు పిన్ని చేతిలోని పచ్చగడ్డి లాక్కుని నమిలి, ఇంకా కావాలన్నట్టు ఆమె భుజాన్ని మూతితో పొడిచింది. టైలరమ్మ మిషను ఆపి, నవ్వుతూ ఇంకో మోపు విప్పింది.