పెయింట్ షెడ్డు బెల్లం

ఒంట్లో ఎలా ఉందని మా ఆయన్ని ఎవరడిగినా "ఫస్ట్ క్లాస్" అంటారు. అడిగినవాడు డాక్టరైతే చివర "సాబ్" కూడా చేరుస్తారు. మెట్టుగూడలో మేముండేది పై అంతస్తు. మెట్లెక్కుతూ సగంలో ఆగి కరెంటు మీటర్లు పరిశీలిస్తారు. మా మీటరు, పక్కవాళ్ళ మీటరు, ఎవరూ లేని వాటా మీటరు, అన్నీ. వాటిలో చూడ్డానికి ఏమీ లేదని, ఆయనకు ఊపిరి అందడం లేదని నాకు తెలుసు. అడిగితే మాత్రం చచ్చినా ఒప్పుకోరు. కరెంటోళ్ళ మీద నమ్మకం లేదంటారు.

ఆయన సైన్యంలో హవల్దారుగా చేసి దిగారు. హవల్దారు అనగానే మా చుట్టాలు మంచు కొండలూ తుపాకీ ఊహించుకుంటారు. ఈయన చేతిలో ఉన్నది రంగు చిమ్మే గన్ను. మరమ్మతుకు వచ్చిన మిలిటరీ బండ్లకు పాత రంగు గీకి కొత్త రంగు కొట్టడం ఆయన పని. సెలవు మీద ఇంటికి వస్తే సబ్బు ఎంత రుద్దినా చెవుల వెనక ఆకుపచ్చ పోయేది కాదు. మా అమ్మ అల్లుడికి తలంటుతూ, సర్కారు రంగు ఇంకా ఆరలేదమ్మా అని నవ్వేది.

దిగే ముందు జరిపే వైద్య పరీక్షలో ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయని తేలింది. జబ్బు ఉన్నమాట నిజమేనని బోర్డు రాసింది. అది సర్వీసు వల్ల వచ్చింది కాదని కూడా రాసింది. మీ శరీరతత్వమే అంత, మాకు సంబంధం లేదు, కాబట్టి వైకల్యపు పెన్షన్ ఇవ్వం అని దాని సారం. తర్వాత రికార్డుల ఆఫీసు నుంచి వచ్చిన ఉత్తరంలోనూ అదే పాట.

పెన్షన్ రాలేదని నాకు బాధ లేదంటే అబద్ధం. కానీ నన్ను కాల్చింది ఆ శరీరతత్వం అన్న మాట. పెళ్ళయిన కొత్తలో ఈ మనిషి నిండు గ్యాస్ సిలిండర్‌ను భుజాన పెట్టుకుని, రెండో చేత్తో నా పెట్టె పట్టుకుని మెట్లెక్కాడు. ఆ ఒంటికి పుట్టుకతోనే లోపమట. అంతకంటే ఘోరం, ఈయన అది నమ్మేశారు. పొద్దున్నే లేచి ముక్కు మూసుకుని ప్రాణాయామం, కరక్కాయ కషాయం, పెరుగు బంద్, తన ఒంటికి తనే శిక్ష వేసుకున్నారు. "నాదే ఏదో లోపం ఉంటది. గంత పెద్ద డాక్టర్లు ఊకెనే రాస్తరా?" అన్నారోరోజు కషాయం గ్లాసు పట్టుకుని. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నేను బళ్ళో పాఠాలు చెప్పినదాన్ని. తప్పు కనిపిస్తే దిద్దకుండా ఉండలేను. కషాయం సింకులో పారబోసి, అప్పీలు వేస్తున్నాం, చొక్కా వేసుకోండి అన్నాను.

సైనిక్‌పురిలో ఒక సుబేదార్ సాబ్ ఉన్నారు. సైన్యంలో పెద్ద క్లర్కుగా చేసి దిగిన మనిషి. ఇప్పుడు ఇంటి వరండాలో కూర్చుని మాజీ సైనికులకు అప్పీళ్ళు రాసిపెడతారు. ఫీజు లేదు గానీ తిట్లు ఉంటాయి. కాగితాలు తేదీల వారీగా లేకపోతే కుర్చీ కూడా చూపించరు. మా కాగితాలు నేను బడి హాజరు పట్టీలా సర్ది పట్టుకెళ్ళాను కాబట్టి కుర్చీతో పాటు చాయ్ కూడా దొరికింది.

మా ఆయనకు సర్వీసులో ఏడాదికోసారి జరిగిన వైద్య పరీక్షల కాగితాలన్నీ సుబేదార్ సాబ్ తిరగేశారు. ప్రతిదాంట్లో ఒకటే మాట: ఏ బాధా లేదు. కళ్ళజోడు తీసి నావైపు తిరిగి, "అమ్మా, మీ కేసుల దుష్మన్ ఆఫీసోళ్ళు కాదు. మీ ఇంటాయనే" అన్నారు. మా ఆయన తల వంచుకున్నారు. దగ్గు వస్తోందని ఎప్పుడైనా చెప్పావా అని సుబేదార్ సాబ్ గదిమితే, చెబితే కామ్‌చోర్, పని ఎగ్గొట్టేటోడు అంటరు సాబ్, నా బండికి రంగు ఇంకొకడు కొట్టాల్సొస్తది అని గొణిగారు. ఆ జవాబుకు సుబేదార్ సాబ్ కోప్పడలేదు. తానూ అంతేనట, మోకాలు వాచినా ఒక్కరోజు సిక్ రిపోర్టు ఇవ్వలేదట. ఇద్దరూ ఒకరినొకరు మెచ్చుకోలుగా చూసుకున్నారు. ఇలాంటి వాళ్ళతో దేశాన్ని కాపాడొచ్చేమో గానీ కేసు గెలవడం కష్టమని నాకర్థమైంది.

ఆ షెడ్డులో పని ఎలా ఉండేదో చెప్పగల సాక్షులు కావాలి అన్నారు సుబేదార్ సాబ్. అలా చిలకలగూడ వెళ్ళాం. అక్కడ నేను ఆపా అని, అంటే అక్కా అని, పిలిచే ఆవిడ ఉంది. ఆమె భర్త మా ఆయనకు సీనియరు, అదే షెడ్డులో రంగు కొట్టినవాడు. ఈయనకు గన్ను పట్టుకోవడం నేర్పింది ఆయనే. అందరూ భాయ్ అని పిలిచేవారు. దిగి వచ్చాక కొన్నేళ్ళకు ఛాతీ జబ్బుతో పోయారు. ఆయనకూ బోర్డు పెన్షన్ ఇవ్వలేదు. బీడీల వల్ల వచ్చిన జబ్బని రాసింది.

ఆపా కుట్టు మెషీను మీద బడిపిల్లల యూనిఫాంలు కుడుతూ, అప్పీలు మాట వినగానే నవ్వింది. మీ ఆయన సంగతి వేరు చెల్లె, మా ఆయనవి బీడీలే, బోర్డు సహీగనే రాసింది అంది. భాయ్ గురించి ఆమె మాట్లాడే తీరు అదే, ఇంకా పక్క గదిలో ఉన్నట్టు తిట్టేది. చాయ్ పెట్టి ఇచ్చింది. బెల్లం చాయ్. బాగుందంటే, ఒకప్పుడు మా ఇంట్ల బెల్లం కొనేదే లేకుండె అంది. భాయ్ రోజూ టిఫిన్ డబ్బాలో బెల్లం ముక్క తెచ్చేవాడట. పిల్లలు డబ్బా కోసం గల్లీ చివర కాచుకునేవారట. డబ్బా మూత తీస్తే బెల్లం వాసన, పెయింటు వాసన కలిసి వచ్చేదట.

బెల్లం ఎక్కడిది అని అడిగాను. షెడ్డుల ఇస్తుండిరి, సాయంత్రం పని బంద్ చేసినంక, అని మా ఆయన మామూలుగా చెప్పారు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మాట నాకు ఎన్నడూ చెప్పలేదు. అందరికీ ఇచ్చేవారా అన్నాను. కాదు, పెయింటోళ్ళకు, బ్యాటరీల గదిలో చేసేవాళ్ళకు మాత్రమే. ఆఫీసులో కూర్చునేవాళ్ళకు? లేదు. వంటవాళ్ళకు? లేదు. ఎందుకు మరి మీకే? "గొంతుల పోయిన గ్యాసు దిగాలెనని" అని, అదేదో పిల్లలకు కూడా తెలిసిన సంగతి అన్నట్టు చాయ్ తాగుతూ కూర్చున్నారు.

నేను గ్లాసు కింద పెట్టేశాను. ధూళిలో, పొగలో పనిచేసేవాళ్ళు బెల్లం నమలడం మన దగ్గర ఎప్పటి నుంచో ఉన్నదే. బెల్లం ఊపిరితిత్తులను కడుగుతుందో లేదో నాకు తెలియదు. కానీ ఇచ్చినవాళ్ళకు ఏం తెలుసో తెలుస్తోంది కదా. అక్కణ్ణుంచే సుబేదార్ సాబ్‌కు ఫోన్ చేశాను. బెల్లం సంగతి మళ్ళీ మొదటి నుంచి చెప్పించుకున్నారు. తర్వాత అన్నారు: "సర్కారు ఉత్తగ ఉప్పురాయి సుత ఇయ్యదమ్మా. బెల్లం ఇచ్చిందంటే గొంతుల ఏందో పోతున్నదని ఎరుకుండే ఇచ్చింది. గిది రాద్దాం."

ఆపా తాను చూసినదంతా చెప్పి, అఫిడవిట్ కింద వేలిముద్ర కాదు, సంతకమే పెట్టింది. అదే షెడ్డులో చేసిన మరో ఇద్దరు కూడా అఫిడవిట్లు పంపారు. బెల్లం సంగతి తెలిసి ఎక్కడెక్కడి ముసలి పెయింటర్లో ఫోన్లు చేయడం షురూ చేశారు. తనకిచ్చే ముక్క చిన్నదిగా ఉండేదని ఒకాయన ఇప్పటికీ ఫిర్యాదు చేశాడు.

అప్పీలు చివర ఒక పేరా మాత్రం నా బుర్రలోది. మళ్ళీ బోర్డు ముందు నిలబెడితే ఈయన ఏమంటారో నాకు తెలియనిదా? అందుకని సుబేదార్ సాబ్‌తో పోట్లాడి రాయించాను: అప్పీలుదారును ఆయన బాధ గురించి కాక, ఆయన పని గురించి అడగవలసిందిగా మనవి. ఇట్లాంటిది ఎక్కడా చూడలేదమ్మా అని ఆయన తల పట్టుకున్నారు. కానీ రాశారు.

కొన్ని నెలలకు మిలిటరీ ఆసుపత్రిలో అప్పీలు బోర్డుకు పిలుపు వచ్చింది. ఇస్త్రీ చొక్కా, బూట్లకు పాలిష్. జబ్బు చూపించుకోవడానికి వెళుతున్నారా, పెళ్ళిచూపులకా అన్నాను. పాత ఎక్స్‌రేల సంచీ నా దగ్గర ఉండటంతో నన్నూ లోపలికి రానిచ్చారు. ముగ్గురు డాక్టర్లు కూర్చుని ఉన్నారు. ఎలా ఉన్నావని పెద్దాయన అడగడం, ఈయన మడమలు కలిపి "ఫస్ట్ క్లాస్, సాబ్" అనడం ఒకేసారి జరిగాయి. గోడకేసి తల బాదుకోవాలనిపించింది.

ముగ్గురిలో చిన్నది ఒక లేడీ డాక్టరు. ఆవిడ మా అప్పీలు చివరి పేజీ చూస్తోంది. పెదవుల మీద నవ్వు ఆపుకుని, బండికి రంగు ఎలా కొడతారో చెప్పండి అంది. అంతే. ఈయన ముఖంలో దీపం వెలిగింది. బల్ల మీది పెన్ను ఇవ్వమని అడిగి, దాన్ని గన్నులా పట్టుకుని మొదలుపెట్టారు. పాత రంగు ఎలా గీకాలి, ఎర్ర ప్రైమరు ఎంత పలచగా పోవాలి, మిలిటరీ రంగు మెరవకూడదు, ఎక్కడా చార కనిపించకూడదు. పచ్చి రంగు మీద ధూళి పడితే పనంతా పాడు, కాబట్టి షెడ్డు తలుపులు మూసెయ్యాలి. కిటికీలకు తడి గోనెలు కట్టాలి. ఫ్యాను బంద్. ఇదంతా ఆయన గొప్పగా చెబుతున్నారు, డాక్టర్లు రాసుకుంటున్నారు.

ముక్కుకు ఏం కట్టుకునేవారని ఆవిడ అడిగింది. రుమాలు, తడిపి, అన్నారు. సాయంత్రానికి రుమాలు ఎలా ఉండేది? పైన ఆకుపచ్చ సాబ్, లోపటి మడతల సుత ఆకుపచ్చనే, అన్నారు ఏమాత్రం జంకు లేకుండా. ఆడవాళ్ళయినా డాక్టరైతే ఆయనకు సాబే. ఇక లారీ అడుగు భాగం ఎలా కొట్టాలో చూపించడానికి వంగారు. వంగినవారు లేవలేకపోయారు. దగ్గు తెర వచ్చి మనిషిని ముడిచేసింది. ఆవిడే లేచి వచ్చి రెక్క పట్టుకుని కూర్చోబెట్టి, ఇది ఎప్పటి నుంచి అని మెల్లగా అడిగింది. ఆయన నావైపు చూశారు. తప్పు చేస్తూ దొరికిపోయిన చూపు. తర్వాత నేల వైపు చూసి, "షెడ్డుల ఉన్నప్పటి సంది, సాబ్" అన్నారు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ ఒక్క మాట ఆయన నోటి నుంచి వినడానికి నాకు అన్నేళ్ళు పట్టింది.

ఉత్తర్వు వచ్చిన రోజు ఆయనే పోస్టుమాన్ దగ్గర తీసుకుని, మెట్ల మీదే కవరు చింపి చదివారట. ఎంతకీ పైకి రాకపోతే దిగి వెళ్ళాను. మెట్టు మీద కూర్చుని ఉన్నారు. ఆ వాక్యం మీద వేలు పెట్టి చూపించారు. మూసి ఉంచిన షెడ్డులో రంగుల ఆవిరి పీల్చడం వల్ల వచ్చిన జబ్బు అనీ, సర్వీసు వల్లనే అనీ ఉంది. నా ఒంటి తప్పు కాదంట, అని చిన్నపిల్లాడిలా నవ్వారు. నేనూ పక్కన కూలబడ్డాను. కింది వాటావాళ్ళు ఏమైందని తలుపు తీసి చూసి, ఇద్దరం నవ్వుతుంటే వాళ్ళూ నవ్వి తలుపు వేసుకున్నారు.

మిఠాయి కొని ముందు చిలకలగూడే వెళ్దామన్నారు. ఆపా మెషీను ఆపింది. ఈయన ఉత్తర్వు చదివి తెలుగులో చెప్పారు. ఆమె మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివారు. అదే షెడ్డా అంది. అదే షెడ్డు భాభీ, భాయ్ నాకన్న ఎక్కువ ఏండ్లు కొట్టిండు అన్నారు ఈయన. ఆమె మిఠాయి డబ్బా మూత తీయలేదు. ఒళ్ళో ఉన్న పిల్లల చొక్కా మడత పెట్టింది, విప్పింది, మళ్ళీ మడత పెట్టింది. మీ సుబేదార్ సాబ్ నా కాయితం సుత రాస్తడా అని చివరికి అడిగింది.

అక్కడికక్కడే ఫోన్ చేశాను. రాద్దాం గానీ ఇంత ఆలస్యంగా వేసే అప్పీలుకు ఆలస్యం ఎందుకైందో మొదటి పేరాలోనే చెప్పాలి, అది ఆమె మాటల్లోనే రాసుకు రమ్మన్నారు సుబేదార్ సాబ్. నేను కాగితం, పెన్ను తీసుకుని, ఇన్నేళ్ళు ఎందుకు వెయ్యలేదు ఆపా అని అడిగాను. డబ్బు లేకనో, పిల్లలు చిన్నవాళ్ళనో చెబుతుందనుకున్నాను. ఆమె గోడ మీద భాయ్ ఫోటో వైపు చూసింది.

"బీడీలతోని కాదే, పెయింట్‌తోని అని ఆయన మొత్తుకుంటుండె," అంది. "రాయి చెల్లె. నేను బోర్డు మాట నమ్మిన, ఇంటాయన మాట నమ్మలే."

ఆమె చెప్పింది చెప్పినట్టే రాశాను.