టైలరమ్మకి వచ్చిన పది

వీధిలో అందరూ ఆమెను టైలరమ్మ అనే పిలుస్తారు. పగలంతా కుట్టుమిషను తొక్కుతుంది, సాయంత్రం కాగానే కాలేజీకి పరుగెడుతుంది. డిగ్రీలో సగటు ఏడు పాయింట్లు తెచ్చుకుంటే బడిలో కుట్టుపని టీచరుగా తీసుకుంటానని హెడ్మిస్ట్రెస్ మాటిచ్చింది. ఆ సగటేమో ఇరవై కోర్సులయ్యేసరికి ఆరున్నర దగ్గర మొండికేసి కూర్చుంది.

ఇరవై ఒకటో కోర్సులో పదికి పది వచ్చింది. ఇంకేముంది, టైలరమ్మ కాలు నేల మీద నిలవలేదు. కొలత రెండు సైజుల మధ్య పడితే రెండూ కలిపి సగం చేసి కత్తెర పెట్టడం ఆమెకు అలవాటు. ఇక్కడా అంతే, ఆరున్నరకి పది కలిపి సగం చేసింది. ఎనిమిది దాటింది! ఆ ఊపులో హెడ్మిస్ట్రెస్‌కి ఫోను చేసి "వచ్చేసినట్టే మేడమ్" అని చెప్పేసింది కూడా. ఒక్క పూట ఆగితేగా!

తీరా కాలేజీ వెబ్‌సైటులో చూస్తే ఆరు పాయింట్ ఆరు ఏడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది. అదే అంకె.

"ఒసేయ్, నా పదిని ఎవరో మింగేశారే!" అని కూతుర్ని కేకేసింది.

కూతురు వచ్చి ఫోను తీసుకుంది. "ఎవరూ మింగలేదమ్మా. పాతవి ఇరవై, కొత్తది ఒక్కటి. అన్నీ కలిపి ఇరవై ఒకటితో భాగిస్తారు. ఆ ఒక్కటీ ఎంతని లాగుతుంది?"

"పదికి పది కదే!"

"అయితే మాత్రం? మిగిలిన రెండు కోర్సుల్లోనూ పదులే తెచ్చుకున్నా ఏడుకి వెంట్రుకవాసి తక్కువే."

టైలరమ్మకి తల తిరిగిపోయింది. అన్నీ పదులే వచ్చినా ఏడు అందకపోవడమేమిటో బుర్రకెక్కలేదు. హెడ్మిస్ట్రెస్‌కి ఏ ముఖం పెట్టుకుని చెప్పాలో అంతకన్నా తెలియలేదు.

కూతురు పాత గ్రేడ్లు చూసుకుంటూ వెళ్ళి ఒకచోట ఆగింది. "ఈ సెమిస్టర్లో నాలుగు కోర్సుల్లోనూ నాలుగులేనా? ఇది లేకపోతే నీకు ఏడు ఎప్పుడో దాటేదమ్మా. అసలు పుస్తకం తెరిచావా?"

"అదా? అప్పుడు నువ్వు ఆసుపత్రిలో ఉన్నావు కదే. నీ మంచం దగ్గర్నుంచే లేచెళ్ళి పరీక్షలు రాసొచ్చాను. గట్టెక్కడమే గొప్ప."

కూతురు ఫోను పక్కన పెట్టేసి, తల్లి ఒళ్ళో ముఖం దాచుకుంది.

టైలరమ్మకి ఇది మరీ అర్థం కాలేదు. "ఉద్యోగం పోయింది నాకైతే, నువ్వెందుకే ఏడుస్తావు?" అంది.