భుజం మీదుగా వెళ్లిన పుల్లీ

చెవుల మావ గురించి నేను చెప్పేవాటిలో సగం కోతలని మా అక్క అంటుంది. మిగతా సగం నిజమని ఒప్పుకున్నట్టే కదా! మలుపు అవతల లారీ గేరు మారిస్తే, ఈయన తన రిపేరు షెడ్డులో టీ తాగుతూనే, "క్లచ్చు పోతోంది, డ్రైవరుకి జలుబు కూడా చేసింది" అనగలడు. ఎనిమిదో తరగతిలో లెక్కల మాస్టారు నన్ను బయటికి పొమ్మన్నాడు, మళ్లీ రమ్మనలేదు. ఆ తర్వాత నేను నేర్చిందంతా ఈ షెడ్డులోనే.

మావకో పద్ధతుంది. విప్పిన పాత సామాను కళ్ల ముందు ఉంచడు. తిరిగి చూడకుండా భుజం మీదుగా విసిరేస్తాడు, అది మూలనున్న తుక్కు డ్రమ్ములో పడుతుంది. వయసులో ఉండగా ఒకసారి అరిగిన బేరింగు విప్పి, టీ తాగొచ్చి, దాన్నే మళ్లీ బిగించి పంపాడట. మర్నాడు ఆ లారీ తాడు కట్టించుకుని వచ్చింది. అప్పట్నుంచి ఇంతే.

ఆ మధ్యాహ్నం నేను తోలుకొచ్చిన మా ముసలి లారీ వెనక ట్రేలలో రెండు వేల కోడిపిల్లలు, ముందురోజే గుడ్డులోంచి వచ్చినవి. అక్క కొత్తగా వేసుకున్న కోళ్ల షెడ్డుకి మొదటి బ్యాచ్. వాటికి గాలాడాలంటే ట్రేల పక్కనున్న ఫ్యాన్లు తిరగాలి. ఫ్యాన్లకి బ్యాటరీ కావాలి. ఆ బ్యాటరీని నింపే ఆల్టర్నేటరుకేమో పుల్లీ అంచు విరిగి బెల్టు జారిపోయింది.

"ఎంతసేపు మావయ్యా?" లారీ పైనుంచే అడిగింది అక్క.

"నువ్వు అడక్కుండా ఉంటే అరగంట, అమ్మాయ్."

బ్యాటరీ తీగ విప్పేసరికి ఫ్యాన్లు ఆగాయి. అక్క అట్టముక్కతో విసరడం మొదలెట్టింది. మావ ఫ్యాన్ల తీగల్ని నేరుగా బ్యాటరీకి తగిలించాక రెక్కలు కదిలాయి. ఆల్టర్నేటరు దించి, పుల్లీకి పాత బెల్టు ముక్క చుట్టి, బల్లకున్న వైసు పట్టులో బిగించాడు. పానాకి పొడుగాటి పైపు తొడిగి ఊగితే నట్టు మూలిగి వదిలింది. పుల్లీ ఊడింది. భుజం మీదుగా వెళ్లింది.

మావ తల ఎత్తాడు. "రెండు చప్పుళ్లు వినబడ్డాయేంట్రా అల్లుడూ?"

"ఒకటే మావా. వయసైపోతోంది నీకు. కానియ్, కానియ్!"

నా నోటికి తాళం వేసేవాడు లేకపోయాడు. మావ చెవి గోక్కుని, కొత్త పుల్లీ ఎక్కించి, ఆల్టర్నేటరు బిగించి, బెల్టు తొడిగాడు. నేను స్టార్టు చేశానో లేదో, బెల్టు కీచుమని గోల పెట్టింది.

"ఆపు! పుల్లీ లోపలికి కూర్చుంది. బెల్టు వంకరగా లాగుతోంది. వెనక మందపాటి వాషరు ఉండాలి, అదేదీ?"

రెండో చప్పుడు అదే. జిడ్డుకి పాత పుల్లీ వీపున అంటుకుని, దాంతోపాటే ఎగిరింది.

ఫ్యాన్లు నీరసంగా తిరుగుతున్నాయి. పైన కిచకిచలు పలచబడ్డాయి. "ఒరేయ్, ఇవి నోళ్లు తెరుచుకుని పడుకుంటున్నాయిరా!" అని అక్క అరిచింది. నేను డ్రమ్మును కాలితో తన్నేశాను. ముప్పై ఏళ్ల తుక్కు షెడ్డంతా పరుచుకుంది. మావ మాత్రం కళ్లు మూసుకున్నాడు.

"అదిగో, ఒకటి దొర్లుతోంది. బల్ల కిందికి."

పొట్ట మీద పాకి తెచ్చాను. మావ మళ్లీ అంతా విప్పి, వాషరు పెట్టి, బిగించాడు. ఈసారి బెల్టు సూదిలో దారంలా నిలబడింది.

"బ్యాటరీలో ఒక్క స్టార్టుకే ఛార్జుంది. ఫ్యాన్లు ఆపాలి," అన్నాడు మావ, అక్క వైపు చూడకుండా.

అక్క దిగివచ్చి ఫ్యాన్ల తీగ తనే పీకేసింది. "కొట్టరా."

ఇంజను మూలిగింది. మళ్లీ మూలిగింది. తాళంచెవి వదలకుండా తిప్పి పట్టుకుంటే, అప్పుడు అందుకుంది. మావ తీగ తగిలించగానే ఫ్యాన్లు బుయ్యిమన్నాయి. అక్క ట్రేల మీద చెవి ఆనించి కూర్చుంది. ముందు రెండు మూడు గొంతులు, తర్వాత ఒక మూల, ఆ తర్వాత లారీ అంతా కిచకిచ.

"మూడో ట్రేలో ఒకటి నిన్నే తిడుతోంది అల్లుడూ. ఇంజను ఆపకుండా పో," అన్నాడు మావ.

ఆపలేదు. దారిలో నీళ్లు తాగడానికి కూడా ఆగలేదు. వాషరు దొరికింది నా వల్లేనని అందరికీ చెప్పుకుంటాను, అక్క పక్కన లేనప్పుడు.