ఎదుటివాడి సంచిలో స్వెట్టరు

ఈ డిసెంబరులో బైలడిల్లా కొండలమీద వేళ కాని వాన పడింది. డ్యూటీ నుంచి తడిసి వచ్చి స్వెట్టరు విప్పి కుర్చీమీద వేస్తే, మా ఆవిడ దాన్ని తీసి పొయ్యి దగ్గర ఆరేసింది. కాసేపటికి గదంతా తడి ఊలు వాసన నిండింది. మేకల కొట్టంలో వచ్చే వాసనలాంటిదే. మా ఆవిడ ముక్కు మూసుకుని కిటికీ తీయబోతే వద్దన్నాను. ఎందుకని ఆమె అడగలేదు. చెప్పే ఓపిక నాకూ లేదు. రిటైరుమెంటు దగ్గరపడిన మనిషికి మెట్లు ఎక్కి వచ్చాక మాట్లాడటం కూడా ఒక పనే. ఆ వాసనతో గుర్తొచ్చిన మనిషి పేరు సింహాచలం. మా వర్క్‌షాపు ఫోర్‌మన్. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో నా పైవాడు, తర్వాత నా కాక, అంటే బాబాయి. ఆయన్ని ఎరిగినవాళ్ళు ఇప్పుడు ఈ కిరండూల్ గని ఊళ్ళో దాదాపు లేరు కాబట్టి కొంచెం వివరంగానే చెబుతాను.

నాది కోంటా వైపు గొల్లపల్లి. వరి, తునికాకు, ఇప్పపువ్వు, ఎండ. మా ఊళ్ళో చలికాలమంటే పొద్దున్నే భుజాన ఒక తువ్వాలు కప్పుకోవడం, అంతే. భద్రాచలం హాస్టల్లో చదివి, ఐటీఐ చేసి, ఇక్కడి ఇనుప గని వర్క్‌షాపులో ఫిట్టరుగా కుదిరాను. ఆయనది విజయనగరం వైపు పల్లె. ఆయన తెలుగు నాకు, నా తెలుగు ఆయనకు మొదట్లో సగమే అర్థమయ్యేది. మిగతా సగం హిందీతో పూడ్చుకునేవాళ్ళం. నేను "ఏంది" అంటే ఆయన "ఏటి" అనేవాడు. ఇద్దరం అడిగేది ఒకటేనని తెలియడానికి పెద్దగా సమయం పట్టలేదు. మొదటి చలికాలంలో నేను వణుకుతూ వర్క్‌షాపుకు రావడం చూసి, ఒక ఆదివారం తనతో కొండమీదికి రమ్మన్నాడు. వణికేవాణ్ణి ఇంకా చల్లటి చోటికి తీసుకుపోతానంటాడేమిటని అనుకున్నాను. కానీ ఫోర్‌మన్ పిలిస్తే కాదనే ధైర్యం ఎవరికుంది?

ఆయనకు అడవికోళ్ళ వేట పిచ్చి. తుపాకీ లేదు, కుక్కలు లేవు. ఒక పెంపుడు పుంజు ఉండేది, అంతే. కొండమీద గడ్డి మైదానం అంచున దాన్ని కాలికి తాడు కట్టి నిలబెట్టి, చుట్టూ ఉచ్చులు పన్నేవాడు. అది కూయగానే అడవిపుంజు తన సరిహద్దులోకి ఎవడొచ్చాడని పోట్లాటకు వచ్చి ఉచ్చులో పడేది. దానికోసం మనం పొదల వెనుక కదలకుండా, దగ్గకుండా, చలిగాలిలో పొద్దుటి పూటంతా కూర్చోవాలి. ఇది చట్టప్రకారం నేరమని మాకు అప్పుడూ తెలుసు. దాన్ని వెనకేసుకు రావాలని ఇది రాయడం లేదు. ఆ తర్వాత నక్సలైట్ల, పోలీసుల పోరుతో ఆ కొండల్లోకి ఊరికే పోయే రోజులే పోయాయి. ఇప్పుడు అడవికోడి కూత వినిపిస్తే నాకు సంతోషమే.

ఆ మొదటి ఆదివారం నేను నాకున్న బట్టలన్నీ తొడుక్కుని వెళ్ళాను. బనియను, దానిమీద రెండు చొక్కాలు, హాస్టల్లో ఇచ్చిన స్వెట్టరు, పైన రెయిన్‌కోటు. ఆయన ఒక్క పల్చటి టెర్లిన్ చొక్కాతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. భుజాన సంచి, చంకలో పుంజు. నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు.

"ఏట్రా గుంటడా, పెళ్ళికెల్తన్నావా? అన్నీ ఇప్పీ."

"చలి కాకా," అన్నాను. నోరు జారి మా ఊరి పిలుపు వచ్చేసింది. ఆ తర్వాత అదే ఉండిపోయింది.

"ఎక్కినంతసేపూ సలేస్తేనే మంచిది. ఎచ్చగా ఎక్కినోడు పైనకెల్లి గెడ్డకట్టీస్తాడు. సెమట తడి వాన తడి కన్నా చెడ్డది రా. వాన పడితే తెలుస్తాది. సెమట తెలీకుండా ఒంటికి అంటుకుని ఉంటాది."

బనియనుతో సహా అన్నీ విప్పించాడు. నూలు బనియను చెమట పీల్చి వదలదని ఆయనకు దానిమీద పాతపగ. తన టెర్లిన్ చొక్కా ఒకటి నాకిచ్చాడు. అది సగం దారిలో తడిసి, పైకి చేరి నాలుగు మాటలు చెప్పుకునేలోపు ఆరిపోయింది. పైన కూర్చునే ముందు ఊలు స్వెట్టరు, దానిమీద రెయిన్‌కోటు, ఆ రెయిన్‌కోటు మీద గొంగళి. రెయిన్‌కోటు లోపల, గొంగళి బయట ఎందుకని అడిగితే, రెయిన్‌కోటు చేతిని కొంచెం కదిపి వినమన్నాడు. గరగరమంది. "ఆ సవుండుకి పక్క కొండమీది కోడి కూడా ఎగిరిపోతాది. గొంగడి మూగది. అదే బయటుండాలి." గొంగళిని సబ్బుతో ఉతకనిచ్చేవాడు కాదు. వర్క్‌షాపులో పడే ఎర్ర ఇనుపధూళి దులపనిచ్చేవాడు కాదు. ఆ ధూళితో గొంగళి కొండరంగుకు తిరిగింది. గొంగళి కప్పుకుని ఆయన కూర్చుంటే నేను ఒకటి రెండుసార్లు రాయి అనుకుని దాటిపోయాను. ఆ మాట చెబితే చిన్నపిల్లవాడిలా మురిసిపోయాడు.

వీటన్నిటికంటే విచిత్రమైన అలవాటు ఇంకొకటి ఉంది. కొండ మొదట్లో మేము సంచులు మార్చుకునేవాళ్ళం. నా పొడిబట్టలు ఆయన మోయాలి, ఆయనవి నేను మోయాలి. మొదటిసారి నాకు నవ్వొచ్చింది. రెండు సంచుల బరువూ ఒకటే కదా అన్నాను.

"బరువు కోసం కాదు రా. నీ పొడి గుడ్డలు నా కాడుంటే నువ్వు నన్ను ఒగ్గీసి ఎక్కడికీ ఎల్లవు. నాకూ అంతే. ఏటలో మనిసికి పిచ్చెక్కుతాది. కోడి ఎనకాల ఎంతదూరం ఎల్లిపోనాడో తెలీదు. ఒంటిమీద సలేసినప్పుడు తోడు మనిసి గుర్తొస్తాడు."

చిన్నప్పుడు తండ్రితో కుందేళ్ళ వలలకు పోయినప్పుడు వాళ్ళ ఊరివాళ్ళు చద్దిమూటలు ఇలాగే మార్చుకునేవారట. ఈ కొండలకు వచ్చాక ఆయన చద్దిమూటల బదులు బట్టలు మార్చుకోవడం మొదలుపెట్టాడు. దానికి ఇంకో నిబంధన కూడా చేర్చాడు. మంచు కమ్మి ఇద్దరం తప్పిపోతే, ఎవరి చేతిలో ఏ సంచి ఉంటే అందులోవి తొడుక్కోవాలి. ఎదుటివాడివని చూడకూడదు. "నీది నాకు బిగువైతే బిగువు, నాది నీకు ఒదులైతే ఒదులు. సిగ్గుపడి సావకు." ఈ మాట ఆయన ప్రతిసారీ సంచి చేతికిస్తూ చెప్పేవాడు. నేను ప్రతిసారీ వినేవాణ్ణి. ఒక్కసారి కూడా బదులు చెప్పలేదు.

బదులు చెప్పకపోవడం నా ఒక్కడి గుణం కాదు. మా వర్క్‌షాపులో ఎవరూ చెప్పేవారు కాదు. ఒక పక్క డంపర్ ఇంజన్లు, ఇంకో పక్క గాలి సుత్తులు. ఆ హోరులో ఫోర్‌మన్ చెవిలో అరిచి చెబితే, విన్నవాడు నోరు తెరవకుండా పానా తీసుకుని పనిలో దిగేవాడు. పని చేయడమే బదులు. తల ఊపడం కూడా దండగే అనుకునేవాళ్ళం. ఇంటికొచ్చాక కూడా మాకు ఆ జబ్బు పోయేది కాదు. ఆయన భార్య సత్యవతి చిన్నమ్మ అన్నం వడ్డిస్తూ "మీ వర్క్‌షాపోళ్ళకి పెళ్ళాలెందుకు, గోడలు సాలు" అనేది. మేమిద్దరం ఆ మాటకు కూడా బదులు చెప్పకుండా తినేవాళ్ళం.

అలా కొన్ని చలికాలాలు గడిచాయి. ఆయన ఛాతీ అప్పటికే బాగుండేది కాదు. ఎక్కుతుంటే పిల్లికూతలు వచ్చేవి. డాక్టరు చలిలో తిరగొద్దన్నాడు. చిన్నమ్మ ఇంట్లో గొడవ పెట్టుకుంది. చివరికి నన్ను పిలిచి, "ఆయన మానడు. నువ్వు కూడా ఉండాల. ఊపిరి ఆడనట్టుంటే దింపీసి తెచ్చీ" అంది. ఆ మాట తర్వాత వేట నాకు సరదాగా లేదు. ఆయన దగ్గిన ప్రతిసారీ ఉచ్చులు వదిలేసి ఆయన ముఖమే చూసేవాణ్ణి. చూస్తున్నానని తెలిసి విసుక్కునేవాడు.

మేము ఆఖరిసారి వెళ్ళిన ఆదివారం కూడా ఈ ఏడాదిలాగే, సముద్రం వైపు వాయుగుండం పట్టింది. కిందనుంచి ఆకాశం తేటగానే ఉంది. పైకి చేరేసరికి మబ్బు నేలమీదికి దిగింది. పుంజును కట్టి, ఆయన ఈ చివర, నేను ఆ చివర కూర్చోబోతున్నాం. ఇంకా బట్టలు మార్చుకోలేదు. ఇంతలో ఎందుకు బెదిరిందో పుంజు తాడు తెంపుకుని పొదల్లో పడింది. ఆయనకు ప్రాణంలాంటి పుంజు అది. నేను భుజాన ఆయన సంచితోనే దాని వెనుక పరిగెత్తాను. నాలుగు పొదలు దాటి వెనక్కి తిరిగితే కొండ లేదు, కాక లేడు, తెల్లటి మంచు తప్ప ఏమీ లేదు. ఆ వెంటనే గాలి, దాని వెనుక వాన. గొంతు చించుకుని అరిచాను. నా అరుపు నాకే సరిగా వినిపించలేదు.

ఒక రాతి చూరు దొరికితే దాని కింద దూరాను. పళ్ళు కొట్టుకుంటున్నాయి. అప్పుడు సంచి విప్పాను. తడి చొక్కా తీసి పడేసి, ఆయన స్వెట్టరు తొడుక్కున్నాను. ఆయన చెప్పినట్టే రెయిన్‌కోటు, దానిమీద గొంగళి. వదులుగా ఉన్నాయి. వెచ్చగా ఉన్నాయి. మెల్లగా వణుకు తగ్గింది. ఆయన కూడా ఈపాటికి నా స్వెట్టరులో బిగుసుకుపోయి కూర్చుని నన్ను తిట్టుకుంటూ ఉంటాడనుకుని కాస్త నవ్వుకున్నాను కూడా.

వాన తెరిపిచ్చాక వెతుక్కుంటూ వెళితే ఆయన అక్కడే ఉన్నాడు. నేను వదిలి వెళ్ళిన చోటు నుంచి కదలలేదు. టెర్లిన్ చొక్కా ఒంటికి అతుక్కుపోయి ఉంది. నా సంచిని కడుపులో పెట్టుకుని, దానిమీదికి వంగి, వానకు వీపు ఇచ్చి కూర్చున్నాడు. సంచి పొడిగా ఉంది. ఆయన వణకడం కూడా మానేశాడు. మాట ముద్దగా వస్తోంది. సంచి విప్పి తొడుగుతుంటే చేయి చొక్కాలోంచి తీయడం కూడా ఆయనకు చేతకాలేదు. పెద్దమనిషికి పసిబిడ్డకు తొడిగినట్టు తొడిగి, నామీది గొంగళి కూడా కప్పి, భుజాన వేసుకుని గని రోడ్డు దాకా దింపాను. అక్కడ జీపు దొరికింది. పుంజు ఏమైందో తెలియదు. ఆ తర్వాత ఎవరూ అడగలేదు.

న్యుమోనియా నుంచి బయటపడ్డాడు గానీ ఛాతీ మళ్ళీ కోలుకోలేదు. మెట్లు ఎక్కలేని ఫోర్‌మన్‌ను వర్క్‌షాపు ఏం చేసుకుంటుంది? వైద్య కారణాలమీద ముందే రిటైరయ్యాడు. క్వార్టరు ఖాళీ చేసి, సామాను లారీకి ఎక్కించి, చిన్నమ్మతో కలిసి విశాఖపట్నం రైలుకు బయలుదేరాడు. ఆ పొద్దున స్టేషన్లో చలి బాగా ఉంది. చిన్నమ్మ నీళ్ళ సీసా నింపుకోవడానికి వెళ్ళింది. ఇద్దరమే మిగిలాం. ఆసుపత్రిలో నోటిదాకా వచ్చి ఆగిపోయిన మాట అప్పుడు అడిగాను.

"నా సంచి నీ చేతిలనే ఉంది కదా కాకా. ఎందుకు తొడుక్కోలే? నువ్వు పెట్టిన రూలే కదా."

ఆయన కాసేపు ఊపిరి కూడగట్టుకున్నాడు.

"నువ్వు నాది తొడిగినావని నాకు తెలిస్తే నానూ తొడుగుదును. తెలీదు కదరా. తడిసిపోయి ఒస్తావేమో, నీకు ఏటిస్తాను అనుకున్నాను."

"ప్రతిసారీ చెప్పినవ్ కదా. విన్న కదా."

"ఇన్నావా? ఒక్కనాడైనా సరే అన్నావా?" అన్నాడు. కోపంగా కాదు. ఉన్న సంగతి చెప్పినట్టు అన్నాడు. "వర్క్‌షాపులో అయితే నీ సేతులు సూసి తెలుసుకుందును. మంచులో నీ సేతులు నాకు కనబడనేదు."

ఇంతలో చిన్నమ్మ వచ్చింది, ఇద్దరూ బండెక్కారు. బండి కదిలాక కిటికీలోంచి చేయి ఊపుతూ, మఫ్లరు చెవులమీదికి లాక్కోమని చెప్పాడు. "సరే కాకా" అన్నాను. చిన్నమ్మ అవతలి సీటు నుంచి నన్ను వింతగా చూసింది. ఆయన మాత్రం నవ్వాడు. ఆ వేసవిలోనే ఊళ్ళో పోయాడని కబురొచ్చింది.

ఆయన బట్టల పాఠం నాకు కంఠతా వచ్చు. ఇప్పటికీ నూలు బనియను వేసుకుని కొండెక్కను. అయితే నాతో మిగిలింది అది కాదు. వర్క్‌షాపులో ఇప్పుడు నేను ఫోర్‌మన్‌ను. నా దగ్గర పనిచేసేవాళ్ళు విన్నట్టు నోటితో చెప్పేదాకా నేను అక్కడినుంచి కదలను. హోరులో వినబడకపోతే పెదాలు కదిలేదాకా చూస్తాను. ముసలాయనకు చెవుడు వచ్చిందని నవ్వుకుంటారు. నవ్వుకోనీ. ఇంట్లోనూ అంతే. ఉప్పు అయిపోయింది, వస్తూ తీసుకురండి అని మా ఆవిడ చెబితే, "ఉప్పు తెస్తాను, విన్నాను" అంటాను. ఒక్కోసారి ఆమెకు విసుగొస్తుంది. విన్నారని నాకు తెలుసు, ప్రతిదానికీ చెప్పాలా అంటుంది. తెలుసని ఆమె అంటున్నప్పుడు నాకు ఆ కొండమీద వానకు వీపు ఇచ్చి కూర్చున్న మనిషి గుర్తొస్తాడు. ఆయనకు తెలియదు. నేను వెచ్చగా ఉన్నానని ఆ వానంతా ఆయనకు తెలియదు.