ఇంజిను కాగిన చోట

ఊళ్లు కట్టినవాళ్లు రాజులనీ ఇంజనీర్లనీ బళ్లో చెబుతారు. ఇలాంటి అబద్ధాలు వినలేకే నేను బడి మధ్యలో మానేశాను. కూర్చున్న సీట్లోంచి లేవకుండా, ఒక్క ఇటుకైనా ముట్టుకోకుండా, ఉత్త కుడికాలితో ఊరు కట్టినవాడు ఈ భూమండలం మొత్తానికీ ఒక్కడే ఉన్నాడు. ఆయన మా తాత. నేనీ మాట రాస్తున్నప్పుడు ఆయన మా వరండాలో కుర్చీలో కూర్చుని లేని బ్రేకు తొక్కుతున్నాడు.

తాత బస్సు డ్రైవరు. రిటైరై చాలా కాలమైంది గానీ, ఆ సంగతి ఆయన కుడికాలికి ఎవరూ చెప్పినట్టు లేదు. మనసులో గుబులు పుడితే చాలు, ఆ కాలు నేలను నొక్కడం మొదలుపెడుతుంది. కుర్చీ ముందు గచ్చు అరిగి నున్నగా మెరుస్తుంటుంది. నాయనమ్మ వంటింట్లోంచే ఆ చప్పుడు విని, "మీ తాత ఇవాళ ఘాట్ రోడ్డులో ఉన్నాడే, పలకరించకు" అంటుంది.

ఈ మధ్య మా ఇంట్లో రోజూ ఘాట్ రోడ్డే.

ఆయన ఊరు కట్టిన వైనం ఇది. అప్పట్లో తాత నడిపిన బస్సు పట్నం నుంచి గుట్ట ఎక్కి అవతలివైపు దిగేది. ముసలి బస్సు. గుట్ట ఎక్కేసరికి దానికి ఆయాసం వచ్చి, రేడియేటర్లో నీళ్లు సలసల మరిగి, బానెట్టు సందుల్లోంచి ఆవిరి కక్కేది. గుట్ట దిగాక రోడ్డు పక్కన ఒక పల్లం ఉంది. తుప్పలు తప్ప అక్కడ ఏమీ ఉండేవి కావు. కానీ గుంటలో నీళ్లుండేవి, నడి ఎండాకాలంలో కూడా. అందుకని తాత రోజూ అక్కడే ఆపేవాడు. కండక్టరు డబ్బా పట్టుకుని దిగి నీళ్లు తెచ్చేవాడు. ఇంజిను చల్లారేదాకా అందరూ తుప్పల్ని చూస్తూ కూర్చోవాలి.

జనం ఊరికే కూర్చుంటారా? నడుం సాగదీసుకోవడానికి దిగారు. ఒకాయన సంచీతో సహా దిగి, "మా చేను ఇక్కణ్ణించి దగ్గరే, నేను పోతా" అన్నాడు. మర్నాడు అదే మనిషి అక్కడ నిలబడి చెయ్యెత్తాడు. ఎలాగూ ఆగే బస్సు, ఎక్కించుకోనంటే ఏం బాగుంటుంది? ఆయన్ని చూసి ఇంకొకరు, వాళ్లను చూసి మరికొందరు. నిలబడ్డవాళ్ల కోసం టీకొట్టు వచ్చింది. టీకొట్టు ఉంది కదా అని పంక్చర్లు వేసేవాడు వచ్చాడు. బస్సు ఉంది, జాగా చవక అని ఇళ్లు లేచాయి. కొన్నాళ్లకు డిపోకి కొత్త బస్సులు వచ్చాయి. వాటి ఇంజిన్లు కాగవు. అయినా అక్కడ ఆపకుండా పోతే జనం అద్దాలు పగలగొట్టేలా ఉన్నారు. డిపోవాళ్లు ఏనాడూ దాన్ని స్టాపు అనలేదు. కాదని ఆ జనానికి తెలియదు. తెలిసినవాడు తాత ఒక్కడే. ఆయన నోరు మెదపలేదు.

ఇప్పుడు పెద్దాఫీసువాళ్లు రాబోయే ముప్ఫై ఏళ్లకి మాస్టర్ ప్లాన్ గీశారు. పట్నమూ దాని చుట్టూ ఉన్న ఊళ్లూ ఎటు పెరగాలి, ఎక్కడ ఇళ్లు రావాలి, ఎక్కడ చెట్లుండాలి, నీళ్లు నిలవడానికి ఎక్కడ చోటు వదలాలి, అన్నీ రంగులేసి పెద్ద పటం గోడకి తగిలించారు. నేనూ వెళ్లి చూశాను. నా చదువు అక్షరాల దగ్గర తడబడుతుంది గానీ రంగుల దగ్గర కాదు. ఆ పల్లంలో లేచిన తాత కాలనీ మొత్తం నీలంగా ఉంది. నీలమంటే వాననీరు పరుచుకునే చోటు, మనుషులు ఉండకూడదు. కాలనీవాళ్లకి గుట్ట మీద మెరకలో ఇళ్లు కట్టిస్తారట.

అందులో ఒక మెలిక ఉంది. పాతకాలం నుంచి బస్సు స్టాపు ఉన్న కాలనీలకు గుర్తింపు ఉన్నట్టు లెక్క. వాటిని కదిలించరు. డిపో కాగితాల్లో ఏమీ లేకపోయినా, అప్పటి డ్రైవరు వచ్చి "అది స్టాపే" అని చెబితే సరిపోతుందని ఎవరో కాలనీవాళ్ల చెవిన వేశారు. అప్పటి డ్రైవర్లలో మిగిలింది మా తాతే.

అదిగో, ఆ రోజు మొదలైంది ఘాట్ రోడ్డు.

కాలనీ తరఫున మా ఇంటికి వచ్చింది కుట్టుమిషను అత్త. ఆ పల్లంలో మొదట ఇల్లు వేసుకున్నవాళ్లలో ఒకతె. తాత బస్సులోనే మిషను ఎక్కించుకుని తెచ్చుకుంది.

"మామయ్యా, నువ్వొక్క మాట చెప్పాలి. అది స్టాపే అని. కాజా కుట్టినంత సేపు కూడా పట్టదు."

"చెప్పకేం, చెబుతాడు" అంది నాయనమ్మ.

"నువ్వుండు అత్తా. మామయ్య నోటితో వినాలి నేను."

తాత ఆమె మొహం చూడలేదు. "వానాకాలంలో మిషను ఎక్కడ పెడతావమ్మా?" అని అడిగాడు.

"ఇటుకల మీద. ఏం?"

"మొదట్నుంచీ అంతేనా?"

"మొదట్లో ఒక్క వరస. ఇప్పుడు ఏడాదికేడాదికీ పేరుస్తూనే ఉన్నా. దానికీ దీనికీ ఏంటి మామయ్యా? మెరకలో బస్సుందా? నా గిరాకీ అంతా బస్సు దిగి వచ్చేవాళ్లే. అక్కడికి పోతే నా మిషను మీద కోళ్లు గుడ్లు పెడతాయి."

ఆమె వెళ్లాక కాలి చప్పుడు ఇంకా పెరిగింది. ఉండబట్టలేక నేనే కదిలించాను.

"అబద్ధమేం కాదు కదా తాతా. బస్సు ఆగింది. ఆగితే స్టాపే."

"నోరు మూసుకోవే. నేను ఆపలేదు. ఇంజిను ఆపింది."

"ఆ ఇంజిను సాక్ష్యానికి రాదు కదండీ" అంది నాయనమ్మ. "మీరే పోవాలి."

ఆ రోజు తాత అన్నం కలిపి, ముద్ద ఎత్తకుండానే చెయ్యి కడిగేసుకున్నాడు. ఆ తర్వాత కూడా అంతే. చీటికీ మాటికీ గుమ్మం దాకా వెళ్లి మబ్బుల్ని చూసి వచ్చేవాడు. నాయనమ్మ ఊరుకోలేదు. "మబ్బులకి హారను కొట్టండి, పక్కకి తప్పుకుంటాయి" అంది. మామూలుగా అయితే తాత దానికి మూడింతలు తిరిగి అనేవాడు. ఈసారి లేచి మళ్లీ గుమ్మం దాకా వెళ్లాడు. నాయనమ్మ మొహంలో నవ్వు ఆరిపోయింది.

ఒక ఉదయం నన్ను వెంటబెట్టుకుని కాలనీకి బయల్దేరాడు. బస్సు అలవాటుగా పల్లం దగ్గర ఆగింది. టీకొట్టాయన పరుగున వచ్చి తాత చేతిలో గ్లాసు పెట్టాడు. "నువ్వున్నావనే ధైర్యం తాతా" అన్నాడు. ఇళ్ల మధ్య గుంట అలాగే ఉంది, నీళ్లు మురికి పట్టాయి, అంతే తేడా. గోడలన్నిటికీ ఒకే ఎత్తున వాననీళ్లు నిలిచి వదిలిన గోధుమరంగు చార ఉంది, ఎవరో తాడు పట్టి గీసినట్టు. ఒక చిన్నపిల్ల ఆ చారకి వీపు ఆనించి నిలబడి తన ఎత్తు చూసుకుంటోంది.

"పోయినేడు ఇది నాకంటే పైనుండేది తాతా. ఇప్పుడు నేనే పైకొచ్చా, చూడు!" అంది.

తాత గ్లాసు నా చేతికిచ్చేశాడు. ఒక్క గుక్క కూడా తాగలేదు.

మాస్టర్ ప్లాన్ మీద జనం మాట వినే సభ బడి హాల్లో పెట్టారు. తాత తన పాత ఖాకీ చొక్కా వేసుకున్నాడు. పొట్ట దగ్గర బొత్తాం పట్టక నాయనమ్మ పిన్నీసు పెట్టింది. కాలనీ కాలనీ అంతా వచ్చి ముందు వరసల్లో కూర్చుంది. కుట్టుమిషను అత్త తాతని చూసి తలూపింది. బల్ల వెనక ప్లానింగు ఆఫీసరమ్మ ఉంది, వెనక గోడ మీద రంగుల పటం. తాత మైకు ముందు నిలబడ్డాడు. ఆయన కాలు నేలను నొక్కుతున్న చప్పుడు మైకులో వినిపిస్తోంది. 

"పెద్దాయనా, అక్కడ స్టాపు ఉండేదా?" అంది ఆఫీసరమ్మ.

తాత మైకుని స్టీరింగులా రెండు చేతులతో పట్టుకున్నాడు.

"లేదమ్మా."

హాలు ఒక్కసారిగా గోలెత్తింది. "మామయ్యా!" అన్న అరుపు అందులోనూ విడిగా వినిపించింది. తాత ఆగలేదు.

"ఇంజిను కాగితే నీళ్ల కోసం ఆపేవాణ్ణి. ఎండల్లో కూడా ఆ పల్లంలో నీళ్లు ఇంకేవి కావు. నీళ్లుంటాయనే ఆపినవాణ్ణి, అక్కడికి నీళ్లు రావని ఎట్లా చెప్పను?"

ఆఫీసరమ్మ కళ్లజోడు తీసింది. "ఇళ్లు కట్టుకుంటున్నప్పుడు ఈ మాట వాళ్లకి చెప్పలేదేం?"

తాత చొక్కా పిన్నీసు సవరించుకున్నాడు. "బస్సు నిండేదమ్మా" అన్నాడు చివరికి. "ఖాళీ బస్సు తోలడం నాకిష్టం ఉండేది కాదు."

ఎవరూ నవ్వలేదు. తాతే మళ్లీ అడిగాడు: "మెరకలో వీళ్లకి బస్సెప్పుడు?"

"ముందు ఇళ్లు. తర్వాత రోడ్డు. రోడ్డు పూర్తయ్యాక బస్సు. అది ప్లానులో ఆఖరి దశ."

"తిరగెయ్యండమ్మా. ముందు బస్సు పంపండి. బస్సు లేని చోటికి వీళ్లు రారు, వచ్చినా బతకలేరు. వానలొచ్చినా ఈ గుంటలోనే ఉంటారు."

"మట్టి దారిలో ఆ గుట్ట ఎక్కితే బస్సు కాగుతుంది పెద్దాయనా."

"కాగితే ఆగుతుంది. అక్కడే ఆగనివ్వండి."

ఈసారి హాల్లో కొందరు నవ్వారు. కుట్టుమిషను అత్త నవ్వలేదు. ఆఫీసరమ్మ ఏదో రాసుకుంది. ఒప్పుకుందని నేను చెప్పడం లేదు, రాసుకుందంతే. బయటికొచ్చేటప్పుడు టీకొట్టాయన తాతకి ఎదురై, మొహం తిప్పుకుని దారిచ్చాడు.

తర్వాత మెరక మీదికి ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి బస్సు వేశారు. కొన్నాళ్లు నడిపి చూద్దామని మాత్రమే. ఖాళీగా తిరిగితే తీసేస్తామని ముందే చెప్పారు. దాంతో మా బతుకు బస్సుపాలైంది. తాత రోజూ ఎక్కుతాడు, నాయనమ్మని ఎక్కిస్తాడు, నన్ను ఎక్కిస్తాడు. "పైన ఏముందని పోతాం?" అంటే, "గాలి" అంటాడు. నాయనమ్మ వెనక సీట్లో కూర్చుని, "పెళ్లయిన కొత్తలో ఒక్కసారి షికారు తిప్పమంటే తీరిక లేదన్నాడే ఈయన" అని కండక్టరుకి ఫిర్యాదు చేస్తుంటుంది. తాత వినడు. ఎక్కేవాళ్లనీ దిగేవాళ్లనీ చూస్తుంటాడు. పైన కొత్తగా కట్టిన కొన్ని ఇళ్లలో దీపాలు వెలిగాయి. పల్లంలో ఇంకా ఎక్కువే ఉన్నాయి. మబ్బులు మాత్రం ఏ ప్లానూ చూడకుండా వచ్చేస్తున్నాయి.

నిన్న పల్లం దగ్గర కుట్టుమిషను అత్త బస్సెక్కింది. మెడలో కొలతల టేపు వేలాడుతోంది. మా పక్కనుంచే వెళ్లి ముందు సీట్లో కూర్చుంది.

"చూసి పోదామని వచ్చా" అంది కండక్టరుతో, మాకు వినిపించేలా. "ఎవరితోనూ మాట్లాడ్డానికి రాలేదు. పైన గుమ్మాలు ఎంత వెడల్పో, నా మిషను పడుతుందో లేదో చూసుకోవాలి."

దిగేటప్పుడు ఆమె వెనక్కి చూడలేదు. తాత కాలు మాత్రం కాసేపు ఆగింది. ఇంటికొచ్చేసరికి చినుకులు పడ్డాయి, ఆ చప్పుడు మళ్లీ మొదలైంది.

ఇదంతా రాసి, ఇవాళ ఆయనకి చదివి వినిపించాను. "ఊరు కట్టినవాడివని మొదట్లోనే ఆకాశానికెత్తేశాను తాతా, ఎలా ఉంది?" అన్నాను.

"ఊరు కట్టానని కాదే, జనాన్ని గుంటలో దింపానని రాయి. ఆ కాగితాలు అవతల పడేసి చెప్పులు వేసుకో. సాయంత్రం బస్సులో సీట్లు ఖాళీగా ఉన్నాయి."